నీరడి తాత పేరు సర్కారు కాగితం మీదికి ఎక్కాలంటే

మా ఊరు సూర్యాపేట వైపు. ఊరి చెరువుకి రెండు తూములు, వాటికింద ఆయకట్టు, ఆ ఆయకట్టుకి నలభై ఏళ్ళ పైన నీళ్ళు పంచిన మనిషి ఒకాయన ఉన్నాడు, చిన్నా పెద్దా అందరం నీరడి తాత అనే పిలుస్తాం. ఆయనకి ముందు వాళ్ళ నాయన చేశాడు, ఆయన తర్వాత చేసేవాళ్ళు లేరు. పని ఏంటంటే చెప్పడానికి చాలా చిన్నది, తూము ఎంత లేపాలి, ఏ కాలువకి ఎన్ని గంటలు, ఎవరి మడి నిండింది, ఎవరిది ఎండుతోంది, అర్ధరాత్రి పార భుజానేసుకుని టార్చిలైటు పట్టుకుని గట్ల మీద తిరగడం. యాసంగిలో చెరువు అడుగంటుతున్నప్పుడు ఈ పని ఎంత పెద్దదో వరి వేసినవాళ్ళకి తెలుసు. పక్క ఊళ్ళల్లో నీళ్ళ దగ్గర తలలు పగిలాయి, పోలీస్ స్టేషన్ దాకా పోయారు, మా ఊళ్ళో నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఒక్క కేసు లేదు.

పోయినేడాది నాకు ఒక ఆలోచన వచ్చింది, ఈయనకి గవర్నమెంట్ తరఫున ఏదో ఒక గుర్తింపు రావాలి కదా అని. ఫోన్‌లో పద్మ అవార్డుకి పేరు పంపే ఫారం తెరిచి తాత పక్కన అరుగు మీద కూర్చున్నా. మొదటి గడే పుట్టిన తేదీ. ఆధార్‌లో జనవరి 1 అని ఉంది, మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళలో సగం మంది జనవరి 1నే పుట్టారు కదా, రాసుకునేవాళ్ళు ఏదో ఒకటి వేశారు. తాతని అడిగితే "రజాకార్ల గడబిడల మా అమ్మ నన్ను సంకలేసుకొని ఉరికిందట" అన్నాడు. అంటే 1947, 48 ప్రాంతం. ఆధార్ ప్రకారం ఏడెనిమిదేళ్ళు చిన్నవాడు. తర్వాతి గడి రంగం, తర్వాత సేవల వివరం, తర్వాత ఆధారాలు జతచేయండి. అక్కడ ఆగిపోయా. కొట్లాట జరగలేదు అన్నదానికి ఏ కాగితం జతచేస్తాం?

ఆ రోజు నుంచి ఈ సంగతి మీద కూర్చుని చదివా, అసలు మన దేశంలో పెద్దవాళ్ళని, వాళ్ళు ఊరికి చేసినదాన్ని సర్కారు ఎట్లా గుర్తిస్తుంది, ఎవరు ఎంపిక చేస్తారు, ఏం ఇస్తారు అని. చాలామంది అన్నీ కలిపేసి మాట్లాడతారు, పద్మశ్రీ వచ్చిందంటే డబ్బులొస్తాయి అనుకుంటారు, పెన్షన్ వస్తే గుర్తింపు అయిపోయింది అనుకుంటారు. ఇవన్నీ వేరువేరు దారులు, ఒకదానితో ఒకటి ఎక్కడా కలవవు.

ముందు వయసుని బట్టి వచ్చేది తీసుకుందాం. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం ప్రకారం 60 నిండితే సీనియర్ సిటిజన్. 2011 జనాభా లెక్కల్లోనే ఇట్లాంటివాళ్ళు 10 కోట్లు దాటారు. వీళ్ళందరికీ ఒకేలా వచ్చేది ఏంటంటే చాలా తక్కువ. దారిద్య్రరేఖకి దిగువన ఉన్నవాళ్ళకే వచ్చే ఇందిరాగాంధీ వృద్ధాప్య పెన్షన్ కింద కేంద్రం వాటా 79 ఏళ్ళ దాకా నెలకి 200 రూపాయలు, 80 దాటితే 500. ఆ 200 అట్లాగే ఏళ్ళ తరబడి ఉండిపోయింది, ఆ మీద రాష్ట్రాలు వేసుకుంటేనే ఇప్పుడు తెలంగాణ ఆసరాలో 2016, ఆంధ్రాలో ఎన్టీఆర్ భరోసా కింద 4000 అయ్యాయి. రైల్లో మగవాళ్ళకి 60 దాటితే 40 శాతం, ఆడవాళ్ళకి 58 దాటితే 50 శాతం రాయితీ ఉండేది, 2020 మార్చిలో కరోనా పేరుతో ఆపారు. నాకు ఆ రాయితీ ఆగినప్పుడు బాధ డబ్బు గురించి కాదు, అది ఏ దరఖాస్తూ ఏ సిఫారసూ లేకుండా, నువ్వు పెద్దదానివి తల్లీ అని దేశం చెప్పే ఒకే ఒక్క మాట, టికెట్ కౌంటర్ దగ్గర మా అమ్మమ్మ ఆ మాటకి ఎంత మురిసిపోయేదో నేను చూశా.

ఇక చేసిన పనిని బట్టి వచ్చే గుర్తింపు. ఇక్కడే అసలు చిక్కుముడి.

అందరికీ తెలిసింది పద్మ అవార్డు. 1954లో మొదలైంది, 1977లో జనతా ప్రభుత్వం ఆపితే 1980లో మళ్ళీ వచ్చింది. రాజ్యాంగం 18వ ఆర్టికల్ బిరుదులు ఇవ్వొద్దంటుంది కదా, మరి ఇదెట్లా అని సుప్రీంకోర్టు దాకా పోయారు, 1995 డిసెంబర్‌లో కోర్టు ఏం చెప్పిందంటే ఇది బిరుదు కాదు గౌరవం, అందుకని పేరుకి ముందూ వెనకా తగిలించుకోకూడదు. ఇప్పటికీ ఫ్లెక్సీల మీద పద్మశ్రీ ఫలానా గారు అని వేస్తుంటారు, రూల్ ప్రకారం అది తప్పు. ఇచ్చేది రాష్ట్రపతి సంతకం ఉన్న సనదు అనే సర్టిఫికెట్, ఒక పతకం, దాని చిన్న నమూనా. అంతే. రూపాయి ఉండదు, రైలు పాసు ఉండదు. ఏడాదికి అన్నీ కలిపి 120 మించకూడదు, చనిపోయినవాళ్ళకి, విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఇచ్చేవి ఈ లెక్కలోకి రావు. కేబినెట్ సెక్రటరీ అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుంది, హోం సెక్రటరీ, రాష్ట్రపతి కార్యదర్శి, నలుగురి నుంచి ఆరుగురు ప్రముఖులు, వాళ్ళు చూసి ప్రధానికి రాష్ట్రపతికి పంపుతారు, జనవరి 25న పేర్లు చెప్తారు.

అయితే ఎవరు ఎవరి పేరైనా పంపొచ్చు, తన పేరు తానే పంపుకోవచ్చు కూడా, ఈ సంగతి మన ఊళ్ళల్లో చాలామందికి తెలీదు. నామినేషన్లు ఆన్‌లైన్‌లోకి వచ్చాక లెక్క మొత్తం మారింది, 2014లో 2200 దగ్గర ఉన్న నామినేషన్లు 2019 అవార్డులకి దాదాపు 50 వేలు అయ్యాయి. ఖమ్మం పక్కన రెడ్డిపల్లిలో సైకిల్ మీద విత్తనాలు మొక్కలు వేసుకుని తిరిగిన దరిపల్లి రామయ్య గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది, వృక్షో రక్షతి రక్షితః అని రాసిన పలక మెడలో వేసుకుని తిరిగేవారు, మనం వనజీవి అని పిలుచుకున్నాం, 2025 ఏప్రిల్‌లో పోయారు. రామన్నపేట దగ్గర వెల్లంకిలో కూరెళ్ళ విఠలాచార్య గారు సొంతింటినే లైబ్రరీ చేశారు, ఎనభై దాటిన ఆయనకి 2024లో వచ్చింది. అదే ఏడాది నారాయణపేట జిల్లా దామరగిద్దలో బుర్రవీణ వాయించే కొండప్ప గారికి. జైనూర్ మండలం మార్లవాయిలో గోండుల గుస్సాడీ నాట్యం నేర్పిన కనకరాజు గారికి 2021లో వచ్చింది, 2024 అక్టోబర్‌లో పోయారు. మణుగూరు మండలం కూనవరంలో కంచుతాళం మీద సమ్మక్క సారలమ్మల కథ పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో వచ్చింది, రెండేళ్ళు దాటి కొన్ని నెలలకే, 2024 జూన్‌లో పోయారు.

ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు గుండె కలుక్కుమంటుంది. రామచంద్రయ్య గారు కోయ వంశాల కథలు, ఇలవేల్పుల కథలు నోటికి పట్టుకున్న మనిషి, ఆయన కంఠంలో ఉన్నదంతా ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు, గౌరవం వచ్చాక మిగిలింది రెండేళ్ళు. గుర్తింపు ఆలస్యం అయితే ఆ మనిషికి ఒక్కడికే కాదు నష్టం, ఆయన దగ్గర నేర్చుకోవాల్సినవాళ్ళకి, వినాల్సినవాళ్ళకి కూడా.

గౌరవం ఒక శాఖది బతుకు ఇంకో శాఖది అవ్వడం ఇంకో బాధ. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 మేలో ఆయన ఒక కట్టడం దగ్గర కూలి పని చేస్తున్న వీడియోలు వచ్చాయి, నెలనెలా వచ్చే 10 వేల భృతి ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. చూసినవాళ్ళు చాలామంది పద్మశ్రీ వచ్చినాయన ఇట్లా ఎందుకున్నాడు అని ఆశ్చర్యపోయారు, కానీ ముందే చెప్పా కదా, పద్మశ్రీలో డబ్బే లేదు. ఆ డబ్బు రాష్ట్రం మంచి మనసుతో ప్రకటించేది, ప్రకటన వేరు, నెలనెలా అకౌంట్‌లో పడటం వేరు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం పద్మశ్రీ వచ్చిన కవులు కళాకారులకి 25 లక్షలు, నెలకి 25 వేల పెన్షన్ అని ప్రకటించింది, మంచిదే. కానీ ముఖ్యమంత్రి మాట మీద నడిచేదానికీ చట్టం మీద నడిచేదానికీ తేడా ఉంటుంది. జపాన్‌లో లివింగ్ నేషనల్ ట్రెజర్ అని పిలుచుకునే కళాకారులకి 1950ల నుంచి సాంస్కృతిక ఆస్తుల రక్షణ చట్టం కిందనే గుర్తింపు ఇస్తారు, ఏడాదికి 20 లక్షల యెన్‌లు వస్తాయి, అది ఎందుకంటే విద్యని ఇంకొకరికి నేర్పడానికి. అంటే సన్మానంలోనే శిష్యుడి ఖర్చు కూడా ఉంది. కొండప్ప గారి బుర్రవీణకి కావాల్సింది సరిగ్గా అదే.

మన దగ్గర కూడా దీనికి దగ్గరగా కొన్ని ఉన్నాయి, జనంలోకి పోలేదు అంతే. 60 దాటి, ఏడాది ఆదాయం 72 వేలు మించని కళాకారులకి కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకి 6 వేల దాకా ఇచ్చే పథకం ఉంది. ఆంధ్రాలో డప్పు కళాకారులకి భరోసా పెన్షన్లలోనే వాటా ఉంది. సంగీత నాటక అకాడమీ వాళ్ళు 75 ఏళ్ళు దాటి అంతవరకూ జాతీయ స్థాయిలో ఏ గౌరవమూ రానివాళ్ళని వెతికి 2023 సెప్టెంబర్‌లో 84 మందికి అమృత్ అవార్డు అని తామ్రపత్రం, లక్ష రూపాయలు ఇచ్చారు. ఇది నాకు బాగా నచ్చిన ఆలోచన, ఎందుకంటే మేము ఆలస్యం చేశాం అని ఒప్పుకుని చేసిన సన్మానం అది.

ఇక పెద్దవాళ్ళ కోసమే ప్రత్యేకంగా ఉన్నది వయోశ్రేష్ఠ సమ్మాన్. ఐక్యరాజ్యసమితి 1990లో అక్టోబర్ 1ని వృద్ధుల దినం అని ప్రకటించింది, ఆ రోజునే మన కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఈ అవార్డు ఇస్తూ వచ్చింది. 2005లో మొదలైతే 2013లో జాతీయ అవార్డు స్థాయికి తెచ్చారు. 2021లో ఉపరాష్ట్రపతిగా మన వెంకయ్యనాయుడు గారి చేతుల మీదుగా ఇచ్చారు, పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 దేశమంతటికీ అన్నది కూడా ఆ రోజే, ఆ హెల్ప్‌లైన్ ముందు మొదలైంది హైదరాబాద్‌లోనే.

ఇందులో 13 కేటగిరీలు. సగానికి పైగా సంస్థలకి, అంటే వృద్ధుల కోసం బాగా పనిచేసిన స్వచ్ఛంద సంస్థ, జిల్లా పంచాయతీ, మున్సిపాలిటీ, 2007 చట్టాన్ని బాగా అమలుచేసిన రాష్ట్రం, కంపెనీలు ఇట్లా. మిగతావి మనుషులకి, శతాయుష్కులు అనే కేటగిరీ ఉంది, పేరు అట్లా ఉన్నా 90 దాటి ఇంకా తన పని తాను చేసుకుంటూ సమాజానికి ఉపయోగపడేవాళ్ళు ఇందులోకి వస్తారు. పిల్లల్ని కష్టపడి పెంచిన ఆదర్శ మాత ఒకటి, జీవిత సాఫల్యం, సృజనాత్మక కళ, ఆటలు సాహసాలు, ధైర్యసాహసాలు. నీరడి తాతని వీటిలో ఏ గడిలో పెట్టాలి చెప్పండి. కళాకారుడు కాదు, ఆటగాడు కాదు, 90 రాలేదు. జీవిత సాఫల్యం అంటే చదివేవాళ్ళ మనసులో పెద్ద డాక్టరో ప్రొఫెసరో మెదులుతారు. ఒక ఆఫీసులో అడిగితే అక్కడున్న ఆవిడ పాపం ఓపిగ్గానే విన్నది, విని "సర్, ఆయన చేసింది ఏ రంగం కిందికి వస్తుంది, వ్యవసాయమా సోషల్ సర్వీసా" అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు. జీతం లేకుండా ఊరు నడవడానికి చేసే పనులు, నీళ్ళు పంచడం, పురుడు పోయడం, శవానికి స్నానం చేయించి కాటికి సాగనంపడం, తగువు తీర్చడం, ఇవి రంగాల పట్టికలో లేవు. ఆగస్టు 15న జిల్లా పరేడ్ గ్రౌండ్‌లో ఇచ్చే ప్రశంసాపత్రాలు చూసినా ఎక్కువ ఉద్యోగులకే పోతాయి.

ఈ కాగితం గొడవ ఇప్పటిది కాదు, మా వైపు పాత గాయం ఇది. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిందని 1972లో సమరయోధులకి తామ్రపత్రాలు ఇచ్చి, పెన్షన్ మొదలుపెట్టారు. ఆరు నెలలు జైల్లో ఉండాలి, ఆడవాళ్ళకీ ఎస్సీ ఎస్టీలకీ మూడు నెలలు, లేదా అజ్ఞాతంలో ఉన్నట్టు వారంట్లు, తల మీద వెల కట్టిన ఉత్తర్వులు చూపాలి, జైలు రికార్డు లేకపోతే తోటి ఖైదీ సర్టిఫికెట్ తేవాలి. నిజాం మీద కొట్లాడినవాళ్ళకి కూడా తర్వాత ఇది వర్తించింది. ఇప్పుడు ఆలోచించండి, సూర్యాపేట చుట్టుపక్కల ఊళ్ళల్లో దళాలకి రాత్రిపూట అన్నం గంప మోసిన అమ్మలు, కొంగుముడిలో చీటీ దాచి ఊరు దాటించిన ఆడపిల్లలు, వాళ్ళు దొరకలేదు కాబట్టే జైలుకి పోలేదు, దొరక్కుండా పని చేయడమే వాళ్ళ గొప్పతనం, ఆ గొప్పతనమే వాళ్ళకి కాగితం లేకుండా చేసింది. 2001లో గురుదయాళ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఈ పెన్షన్ల దగ్గర క్రిమినల్ కేసులో అడిగినట్టు రుజువులు అడగొద్దు, జరిగి ఉండే అవకాశాన్ని చూడండి, ఎప్పటి సంగతో ఎప్పుడు అడుగుతున్నామో గుర్తుపెట్టుకోండి అని. అప్పటికి మా ఊళ్ళో ఆ గంపలు మోసినవాళ్ళలో చాలామంది లేరు.

అందుకే నా లెక్కలో ఇందులో అసలు కీలకం కమిటీ కాదు, రాసేవాడు. పద్మ నామినేషన్‌కి 800 మాటల్లో ఆ మనిషి ఏం చేశాడో రాయాలి. విఠలాచార్య గారికి పుస్తకాలున్నాయి, శిష్యులున్నారు, రాయగలిగినవాళ్ళు చుట్టూ ఉన్నారు. 2021 డిసెంబర్‌లో ప్రధాని రేడియోలో ఆయన లైబ్రరీ గురించి మాట్లాడారంటే దానికి ముందు ఎవరో ఒకరు దాన్ని రాసి, ఫోటో తీసి బయటికి పంపే ఉంటారు. మరి చదువురాని ముసలాయన చుట్టూ ఎవరుంటారు? పిల్లలు హైదరాబాద్‌లో, మనవలు ఇంకా దూరంలో, పండక్కి వచ్చి కాళ్ళకి దండం పెట్టి పోయేవాళ్ళం. మనలో చాలామంది రోజంతా కంప్యూటర్ ముందు రాస్తూనే ఉంటాం, ఆఫీసు మెయిళ్ళు రాస్తాం, ఈ 800 మాటలు మాత్రం రాయం, నేనూ ఇన్నేళ్ళు రాయలేదు.

ఆధారం విషయంలో ఒక దారి దొరికింది. కొట్లాట జరగలేదన్న దానికి కాగితం లేకపోయినా పంపకం ఎట్లా జరిగిందో రాయొచ్చు. సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు పెట్టి తాతతో పాటు కట్ట మీద తిరిగా, ఫోన్‌లో రికార్డ్ చేశా. పెద్ద తూము కింద ఎన్ని కాలువలు, ఏ కాలువకి ఎవరి పొలంతో మొదలు ఎవరితో ఆఖరు, కరువు ఏడాది వంతులు ఎట్లా మార్చాడు అన్నీ చెప్పాడు. ఆయన రూలు ఒకటుంది, నీళ్ళు తక్కువున్న ఏడాది ముందు కొసకున్న మడికి పోవాలి. "తూము కాడ ఉన్నోడు ఎట్లనన్న తడుపుకుంటడు బిడ్డా, కొసకున్నోనికి నేను తప్ప ఎవరున్నరు" అన్నాడు. కొసకున్న పొలాలు ఎవరివి అంటే పేదోళ్ళవి, ఎస్సీ వాడ వాళ్ళవి. దాని కోసం ఒక ఏడాది పెద్ద రైతు ఒకాయన తాత మీద చెయ్యి చేసుకున్నాడట, అయినా ఆ రాత్రి కాలువ దగ్గరే పడుకుని కొసకి నీళ్ళు పంపాడట. ఇదంతా నాకు ఆ రోజు దాకా తెలీదు, ఇరవై ఏళ్ళు ఆయన అరుగు మీదే ఆడుకున్నా. తర్వాత ఊళ్ళో ఆ కొస మడుల వాళ్ళ దగ్గరికి పోయి వాళ్ళ మాట కూడా రికార్డ్ చేశా, పదకొండు మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టారు. తోటి ఖైదీ సర్టిఫికెట్ లాంటిదే ఇది కూడా, తోటి రైతుల సర్టిఫికెట్ అనుకోండి. పుట్టిన తేదీ దగ్గర ఆధార్‌లో ఉన్నదే వేసి, కింద రజాకార్ల నాటి మాట విడిగా రాశా. రంగం దగ్గర సోషల్ వర్క్ అని పెట్టా, దానికన్నా దగ్గరి మాట దొరకలేదు.

చెరువు పూడిక తీసినప్పుడు కట్ట మీద ఒక బోర్డు పెట్టారు, ఎంత ఖర్చయిందో, ఎవరు ప్రారంభించారో ఉంటుంది. నీళ్ళు పంచినవాళ్ళ పేర్లు ఆ పక్కన రాయమని గ్రామసభలో అర్జీ కూడా ఇచ్చా. దీనికి ఢిల్లీ అక్కర్లేదు, ఊరు తీర్మానం చేస్తే చాలు, పెయింట్ ఖర్చు నేను పెట్టుకుంటా అన్నా, చూద్దాం అన్నారు, ఇంకా తీర్మానం కాలేదు.

రాసిందంతా ఒక సాయంత్రం తాతకి చదివి వినిపించా. మధ్యలో ఎక్కడా ఆపలేదు, బీడీ కూడా ముట్టించలేదు. అయిపోయాక "మా నాయిన పేరు లేదు కదా" అన్నాడు. ఉంది తాతా, తండ్రి పేరు అని గడి ఉంది, అందులో రాశా అని చూపించా. "గక్కడ కాదు బిడ్డా, నీళ్ళ కాడ రాయి, కొస మడి ముచ్చట నాకు చెప్పింది ఆయనే" అన్నాడు. లెక్క చూస్తే అప్పటికే 790 మాటలయ్యాయి. నేను రాసుకున్న పొగడ్తలు కొన్ని కొట్టేసి ఆ చోటులో వాళ్ళ నాయన పేరు, ఆయన చెప్పిన మాట రాశా, రాసి మళ్ళీ మొదటినుంచి చదివి వినిపించా.